మిగులు అంతా వృథాయేనా? సంస్థలో వెసులుబాటు ఎంత ఉంచుకోవాలి?

స్టోర్సు మనిషి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఒక మధ్యతరహా కర్మాగారంలో స్టోర్సు, ఉత్పత్తి ప్రణాళిక రెండూ చూస్తాను. మా యాజమాన్యం ఈ ఏడాది రెండు పనులు ఒకేసారి తలపెట్టింది. ఒకటి ఖర్చు తగ్గించడం, రెండోది వార్షిక నివేదికలో సుస్థిరత గురించి ఒక అధ్యాయం చేర్చడం. రెండింటి కాగితాలూ నా బల్ల మీదికే వచ్చాయి.

ఖర్చు తగ్గించే కాగితంలో ఇలా ఉంది: ఏడాదిగా కదలని విడిభాగాలు అమ్మేయాలి. ఒక్కో సరుకుకు ఇద్దరు ముగ్గురు సరఫరాదారులు అక్కర్లేదు, మొత్తం ఆర్డరు ఒక్కరికే ఇచ్చి ధర తగ్గించుకోవాలి. పదవీ విరమణ చేసినవారి స్థానంలో కొత్తవారిని తీసుకోవద్దు. యంత్రాలైనా మనుషులైనా ఇప్పుడు 80 శాతం సమయమే పనిలో ఉంటున్నారు, దాన్ని 95కు పెంచాలి. ఇక సుస్థిరత అధ్యాయానికి వచ్చిన సూచనల్లో సౌర ఫలకాలు, కాగితం వాడకం తగ్గింపు, మొక్కల పెంపకం ఉన్నాయి. వాటితోపాటు, పైన చెప్పిన పొదుపులన్నీ "వృథాను అరికట్టాం" అన్న శీర్షిక కింద రాయమన్నారు.

నాకు మనసొప్పడం లేదు. కరెంటు, నీళ్లు, కాగితం తక్కువ వాడటం మంచిదే, అందులో వాదన లేదు. కానీ అల్మారాలో ఉన్న బేరింగు, రెండో సరఫరాదారు, షిఫ్టులో కాస్త ఊపిరి తీసుకునే మనిషి కూడా వృథాయేనా? ఇవన్నీ తీసేశాక మాది పది కాలాలపాటు నిలిచే సంస్థ అవుతుందా, చిన్న దెబ్బకే కూలబడే సంస్థ అవుతుందా? సమావేశంలో ఈ మాట ఎత్తితే "ప్రతిదానికీ భయపడితే వ్యాపారం ఎలా చేస్తాం" అన్నారు. వాళ్ల చేతిలో అంకెలున్నాయి. నా దగ్గర అనుభవం, అనుమానం తప్ప మరేమీ లేవు.

ఇలాంటి చోట పనిచేసినవారు చెప్పండి. వెసులుబాటు ఎంత ఉంచుకోవాలో ఎలా తేల్చుకోవాలి? అంకెలు మాత్రమే నమ్మేవారికి దాన్ని ఎలా చెప్పాలి? ఆ అధ్యాయంలో నిజాయితీగా ఏమి రాయవచ్చు?

పద్దుల పుస్తకం

నేను అకౌంట్స్ విభాగం మనిషిని. కాబట్టి అవతలి పక్షం మాట కూడా ఒకటి వినండి.

స్టోర్సులో కదలకుండా ఉన్న సామాను ఊరికే ఉండదు. దాని మీద పెట్టిన డబ్బుకు వడ్డీ నడుస్తుంది. స్థలం, బీమా, కాపలా, లెక్కింపు అన్నీ ఖర్చే. ఏ యంత్రం కోసం కొన్నారో ఆ యంత్రమే తుక్కుకు పోయినా, దాని విడిభాగాలు ఇంకా అల్మారాలో మెరుస్తూ ఉండటం నేను చాలా సంస్థల్లో చూశాను. "ఎప్పుడైనా పనికొస్తుంది" అన్న మాటకు హద్దు లేదు. ఆ మాట మీద గోదాము మీద గోదాము కట్టుకుంటూ పోవచ్చు.

ఇంకో సంగతి. మీరు సుస్థిరత గురించి అడుగుతున్నారు. ప్రతిదీ రెండేసి ఉంచుకుంటే అంత ఇనుము, అంత రాగి, అంత రబ్బరు అదనంగా భూమి నుంచి తీసినట్టే. తట్టుకునే శక్తి పెంచుకోవడానికి వనరులు కావాలి, సుస్థిరత వనరులు తగ్గించమంటుంది. ఈ రెండూ ఎప్పుడూ ఒకే దారిలో నడుస్తాయని అనుకోవద్దు. ఎక్కడ మిగులు ఉంచాలో, ఎక్కడ తీసేయాలో విడదీసి చెప్పగలిగితే నాలాంటివారు వింటారు. "అన్నీ ఉంచాలి" అంటే వినరు.

వరుస లెక్క

మిగతా విషయాలు అనుభవజ్ఞులు చెబుతారు. ఆ 95 శాతం గురించి మాత్రం నేను చెప్పాలి. వరుసల సిద్ధాంతం నేను పాఠంగా చెప్పే విషయం.

పనులు ఒక క్రమం లేకుండా వచ్చి పడుతూ, ఒక్కో పనికి పట్టే సమయం కూడా మారుతూ ఉండే చోట, ఒకే యంత్రం లేదా ఒకే మనిషి ఉన్నప్పుడు, సగటున ఎంతసేపు వేచి ఉండాలో చెప్పే సూత్రం చాలా చిన్నది. యంత్రం పనిలో ఉన్న వంతును ఖాళీగా ఉన్న వంతుతో భాగించి, ఒక పనికి పట్టే సగటు సమయంతో గుణించాలి. 80 శాతం పనిలో ఉంటే 80ని 20తో భాగిస్తే 4. అంటే గంట పట్టే పని సగటున 4 గంటలు వరుసలో నిలబడుతుంది. 90 శాతం దగ్గర 9 గంటలు. 95 శాతం దగ్గర 19 గంటలు.

చేసే పని పెరిగింది నూటికి 15 వంతులే, వేచి ఉండే సమయం మాత్రం దాదాపు ఐదింతలైంది. పనులు గడియారంలా క్రమంగా వచ్చే చోట ఇంత ఘోరంగా ఉండదు, కానీ మరమ్మతులు, అత్యవసర ఆర్డర్లు, అనారోగ్యాలు క్రమంగా రావు. 95 శాతం అన్న లక్ష్యం పెట్టినవారిని ఒకే ప్రశ్న అడగండి: ఆర్డరు ఇచ్చిన వినియోగదారు ఎన్ని రోజులు ఆగుతాడని లెక్క వేసుకున్నారు?

పంపుహౌస్

స్టోర్సు మనిషి గారూ, నేను మెయింటెనెన్సులో పంపులు, మోటార్లు చూస్తాను. మీ స్థానంలో ఉన్నవారిని "ఆ సామాను అమ్మకండి" అని బతిమాలడం నా ఉద్యోగంలో భాగమైపోయింది. అందుకని మీ ప్రశ్నకు కాస్త పొడవుగానే రాస్తాను.

వెసులుబాటును తినేసేటప్పుడు అది లాభంలాగే కనిపిస్తుంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది. విడిభాగాలు అమ్మితే ఆ నెల డబ్బు వస్తుంది. ఖాళీలు నింపకపోతే జీతాల పద్దు తగ్గుతుంది. నూనె మార్పును రెండు నెలలు వాయిదా వేస్తే యంత్రం ఆ రెండు నెలలూ ఆగకుండా తిరుగుతుంది, ఉత్పత్తి పెరుగుతుంది. పట్టికలో ప్రతి గడీ మెరుగుపడుతుంది. రాబోయే నష్టం ఇంకా పుట్టలేదు కాబట్టి దానికి గడి ఉండదు.

దీనికి నాకు తెలిసిన పెద్ద ఉదాహరణ సముద్రం మీదిది. కెనడా తూర్పు తీరంలో, న్యూఫౌండ్‌లాండ్ దగ్గర, కాడ్ చేపల వేట శతాబ్దాలపాటు సాగింది. 20వ శతాబ్దం రెండో సగంలో భారీ ట్రాలర్లు దిగాయి. 1968లో అక్కడి ఉత్తర కాడ్ వేట 8 లక్షల టన్నులు దాటింది, ఆ తర్వాత కుప్పకూలింది. 1977లో కెనడా తీరం నుంచి 200 మైళ్ల దాకా వేటను తన అదుపులోకి తెచ్చుకుంది. ఇక చేపలు కోలుకుంటాయని అధికారులు నమ్మారు. పెద్ద ఓడలు గంటకు ఎంత పడుతున్నాయన్న లెక్క కూడా బాగానే కనిపించింది. నీటి కింద జరుగుతున్నది వేరు. చేపలు తగ్గేకొద్దీ మిగిలినవి దట్టమైన గుంపులుగా ఒకచోట చేరాయి. ఆ గుంపులు ఎక్కడున్నాయో పసిగట్టే ధ్వని పరికరాలు ఓడల్లో ఉన్నాయి. దాంతో సముద్రం ఖాళీ అవుతున్నా వలలు నిండుతూనే వచ్చాయి. ఒడ్డుకు దగ్గరలో చిన్న పడవల మీద వేటాడేవారు మాత్రం చేప దొరకడం లేదని 1980ల్లోనే మొత్తుకున్నారు. వాళ్ల మాట లెక్కలోకి రాలేదు. 1992 జులై 2న వేటను నిషేధించారు. సుమారు 30 వేల మంది ఉపాధి పోయింది. రెండేళ్లకని ప్రకటించిన ఆ నిషేధం 2024 దాకా సాగింది.

మీ యాజమాన్యం చేతిలో ఉన్నవి పెద్ద ఓడల అంకెలు. మీ దగ్గర ఉన్నది చిన్న పడవలవారి సమాచారం. దాన్ని అనుమానం అని మీరే తగ్గించుకోకండి. అది ఇంకా కాగితం మీదికి రాని కొలత. రాయడం మొదలుపెట్టండి. ఒక యంత్రం నుంచి భాగం విప్పి మరో యంత్రానికి బిగించాల్సి వచ్చిన ప్రతిసారీ తేదీతో రాయండి. వాయిదా పడిన నూనె మార్పులు, గ్రీజు పనులు రాయండి. సెలవు అడిగి దొరకనివారు ఎందరో, షిఫ్టు దిగాక కూడా ఆగిపోయినవారు ఎందరో రాయండి. సరుకు చెప్పిన తేదీకి, వచ్చిన తేదీకి మధ్య ఎడం రాయండి. లాభనష్టాల పట్టిక చక్కగా ఉండగానే ఈ అంకెలు చెడిపోవడం మొదలవుతుంది. అంకెలే నమ్మేవారికి అంకెలే ఇవ్వండి, కాకపోతే ముందుగా చెడేవి ఏరి ఇవ్వండి.

పద్దుల పుస్తకం గారు చెప్పినదాంట్లో నిజముంది. అల్మారాలో ఉన్నంత మాత్రాన ఏదీ రక్షణ కాదు. స్పేరు మోటారు సంగతే తీసుకోండి. దానికి పట్టా కప్పి మూలన పెట్టి వదిలేస్తే, లోపల తిరిగే రోటారు బరువంతా బేరింగులో అవే రెండు మూడు గుండ్ల మీద పడుతుంది. చుట్టుపక్కల నడిచే యంత్రాల అదురు నేల గుండా వచ్చి, గుండ్లు ఆనిన చోటల్లా బేరింగు గాడిలో కంటికి ఆనీ ఆనని గుంటలు పడతాయి. గ్రీజులోని నూనె విడిపోయి కిందికి దిగుతుంది. వైండింగు, అంటే లోపలి తీగచుట్ట, తేమ పీలుస్తుంది. అసలు మోటారు కాలిపోయిన రాత్రి దీన్ని తెచ్చి బిగిస్తే, కాసేపటికే బేరింగు మోత మొదలవుతుంది. అందుకే షాఫ్టును నెలకోసారి చేత్తో తిప్పాలి. ఆపేటప్పుడు మునుపటి చోట కాకుండా పావు చుట్టు అవతల ఆపాలి. షాఫ్టు చివర సుద్దతో ఒక గీత గీస్తే తిప్పారో లేదో దూరం నుంచే తెలుస్తుంది. మెగ్గరుతో ఇన్సులేషను కొలిచి, మోటారుకు కట్టిన చీటీ మీద రాయాలి. రబ్బరు ఓ-రింగులకైతే వాడకపోయినా వయసు పెరుగుతుంది. ఎండ పడే కిటికీ పక్కన పెడితే బీటలు వారతాయి. సంచి మీద తయారీ తేదీ చూసి, పాతవి ముందు వాడాలి.

ఇదంతా ఎవరు చేస్తారు? మీ కాగితం ప్రకారం 95 శాతం సమయం "పనిలో" ఉండాల్సిన మనిషే చేయాలి. సుద్దముక్క పట్టుకుని స్టోర్సులో నెమ్మదిగా తిరుగుతున్న ఆ మనిషిని చూసి "ఖాళీగా ఉన్నాడు" అని రాసుకుంటారు. ఆ ఖాళీని తీసేస్తే మిగిలేది ఇనుప సామాను, రక్షణ కాదు. విడిభాగానికి పెట్టిన డబ్బు కూడా అప్పుడే నిజంగా వృథా అవుతుంది. మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ఇక సరఫరాదారు ఒక్కరే ఉండటం గురించి. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లో ఐసిన్ సంస్థకు చెందిన కర్మాగారం కాలిపోయింది. టయోటా కార్ల బ్రేకుల్లో వాడే పి-వాల్వు అనే చిన్న భాగం దాదాపు మొత్తం అక్కడే తయారయ్యేది. టయోటా పద్ధతి ప్రకారం చేతిలో నిల్వ చాలా తక్కువ. ఒక్క రోజుకు అటూ ఇటూ. రోజుకు 14 వేలకు పైగా కార్లు తయారుచేసే కర్మాగారాలు దాదాపు అన్నీ ఆగిపోయాయి. ఇక్కడి వరకు చెప్పి, "చూశారా, నిల్వ లేకపోతే ఇంతే" అని ముగించేవారు చాలామంది. నాకు మాత్రం ఆ తర్వాతి భాగమే ముఖ్యం.

ఐసిన్ తన డ్రాయింగులు, మిగిలిన పనిముట్లు ఎవరు అడిగితే వారికి ఇచ్చింది. చిన్నా పెద్దా కలిపి సుమారు 200 సంస్థలు కదిలాయి. కుట్టుమిషన్లు చేసే బ్రదర్ సంస్థ, అంతకుముందు కారు భాగాలు చేయకపోయినా, తన మిల్లింగు యంత్రాన్ని మార్చుకుని వాల్వులు కోసింది. ధర ఎంత, నష్టం ఎవరు భరిస్తారు అన్న బేరం ముందు పెట్టుకోలేదు, లెక్కలు తర్వాత తేల్చుకున్నారు. కొద్ది రోజుల్లో మొదటి వాల్వులు వచ్చాయి, వారం తిరిగేసరికి చాలావరకు ఉత్పత్తి మళ్లీ నడిచింది. ఏళ్ల తరబడి ఒకరి కర్మాగారంలోకి ఒకరు వెళ్లి, ఒకరి కష్టం ఒకరికి తెలిసిన సంస్థలు కాబట్టి అది సాధ్యమైంది. ప్రతి ఏటా టెండరు పిలిచి, చివరి పైసా దాకా పిండి, మరుసటి ఏడు వదిలేసే సరఫరాదారు అర్ధరాత్రి మన కోసం యంత్రం మార్చుకుంటాడా? ధర తగ్గింపు కోసం ఒక్కరికే ఆర్డరు ఇవ్వడంలో రెండు ప్రమాదాలున్నాయి. ఆ ఒక్కరూ పడిపోవచ్చు. అంతకన్నా పెద్దది, మిగిలినవారితో ఉన్న బంధం తెగిపోతుంది.

2011లో జపాన్‌లో వచ్చిన భూకంపం తర్వాత టయోటా తన సరఫరా గొలుసును కింది అంచెల దాకా పటం గీసుకుంది. చిప్పులు కొన్ని నెలలకు సరిపడా నిల్వ ఉంచమని సరఫరాదారులను కోరింది. 2021 మొదట్లో చిప్పుల కొరతతో చాలా కార్ల కంపెనీలు ఆగినా అది నడవడానికి ఆ నిల్వ సాయపడింది. అదే ఏడాది సెప్టెంబరుకు మాత్రం అదీ తన ఉత్పత్తి ప్రణాళికను 40 శాతం కోయాల్సి వచ్చింది. నిల్వ కొనిపెట్టేది సమయాన్ని మాత్రమే. ఆ సమయంలో ఏదో ఒకటి చేయగల మనుషులు, సంబంధాలు ఉండాలి.

స్టోర్సు మనిషి

పంపుహౌస్ గారూ, ఈ రోజు మధ్యాహ్నం స్టోర్సులోకి వెళ్లి స్పేరు మోటార్లు చూశాను. సుద్ద గీత సంగతి అటుంచండి, రెండింటి మీద చీటీలే లేవు. షాఫ్టు తిప్పాల్సిన పని ఎవరిదని అడిగితే, పదవీ విరమణ చేసిన ఒకాయన చేసేవారని చెప్పారు. ఆయన స్థానం ఇంకా ఖాళీగానే ఉంది, నింపవద్దన్న జాబితాలో ఉంది.

దీంతో నా ప్రశ్న సామాను నుంచి మనుషుల వైపు తిరిగింది. ఒక భాగాన్ని రెండు ఉంచండి అని చెప్పగలను. మనుషుల విషయంలో అలా ఎలా అడగాలి? "ఎప్పుడో వచ్చే కష్టం కోసం ఒక మనిషికి ఏడాదంతా జీతం ఇవ్వాలా" అంటారు.

నైట్ డ్యూటీ

ఆసుపత్రిలో నర్సుల డ్యూటీ పట్టిక వేసే బాధ్యత నాది. మనుషుల గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను.

వార్డుకు ఎంతమంది కావాలో సరిగ్గా అంతమందినే పెడితే కాగితం మీద అందంగా ఉంటుంది. ఒకరికి జ్వరం వస్తుంది. ఆ డ్యూటీ ఇంకొకరు వరుసగా రెండో షిఫ్టుగా చేస్తారు. అలా రెండు మూడుసార్లు చేసినవారు మరుసటి వారం మంచమెక్కుతారు. వాళ్ల డ్యూటీలు మిగిలినవారి మీద పడతాయి. మొదట పోయింది ఒక్క మనిషే, నెల తిరిగేసరికి పట్టిక మొత్తం అతుకుల బొంత అవుతుంది. ఈ దశలో కొందరు ఉద్యోగమే వదిలేస్తారు. వెళ్లేవారు పనిమంతులే, ఎందుకంటే వారికి ఎక్కడైనా పని దొరుకుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించిన అంచనా ప్రకారం, వారానికి 55 గంటలు, ఆపైన పనిచేయడం వల్ల 2016లో పక్షవాతం, గుండెజబ్బులతో సుమారు 7 లక్షల 45 వేల మంది చనిపోయారు. 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే వారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. మీ నివేదికలో మొక్కల లెక్క పక్కన పని గంటల లెక్క కూడా ఉండాలి. మనుషులను అరగదీసి నడిచే సంస్థను సుస్థిరమైనదని నేను అనలేను.

నేను చేసేది ఇది. ప్రతి షిఫ్టులో ఒక మనిషిని ఏ వార్డుకూ కేటాయించకుండా ఉంచడానికి పోరాడతాను. ఆ మనిషి కూర్చుని ఉండరు. మందుల అల్మారాలో గడువు తేదీలు చూస్తారు, కొత్తవారికి పరికరాలు నేర్పుతారు, ఎక్కడ ఒత్తిడి పెరిగితే అక్కడికి వెళతారు. షిఫ్టు మారేటప్పుడు అప్పగింత రోగి మంచం పక్కనే నిలబడి చేయిస్తాను. దిగేవారు, ఎక్కేవారు ఇద్దరూ ఒకే సెలైను సీసాను, ఒకే చార్టును చూస్తూ మాట్లాడుకుంటారు. దానికి ఇద్దరూ పది నిమిషాలు కలిసి ఉండాలి. ఆ పది నిమిషాలను "ఒకే పనికి రెండు జీతాలు" అని ఎవరైనా కోసేస్తే, పోయేది రోగి సమాచారం.

ఇంకొక్కటి, మన నాలుగు గోడల బయటిది. 1995 జులైలో షికాగోలో వడగాడ్పులకు 700 మందికి పైగా చనిపోయారు. 20కి పైగా ఆసుపత్రులు కొత్త అత్యవసర కేసులు తీసుకోలేక అంబులెన్సులను వేరే చోటికి మళ్లించాయి. తర్వాత సామాజిక శాస్త్రవేత్త ఎరిక్ క్లైనెన్‌బర్గ్ పక్కపక్కనే ఉన్న రెండు పేటలను పోల్చి చూశారు. రెండింటిలోనూ పేదరికం ఉంది, ఒంటరి వృద్ధులు ఉన్నారు. నార్త్ లాన్‌డేల్‌లో మరణాల రేటు సౌత్ లాన్‌డేల్ కన్నా అనేక రెట్లు ఎక్కువ. మొదటిదాంట్లో ఇళ్లు, దుకాణాలు ఖాళీ అయిపోయి వీధులు బోసిపోయాయి, వృద్ధులు గడప దాటడానికి భయపడేవారు. రెండోదాంట్లో వీధి నిండా జనం, తెరిచిన దుకాణాలు, పలకరించే మనుషులు ఉన్నారు. ఆసుపత్రిలో పడకలు ఎన్ని పెంచినా, తలుపు తట్టే మనిషి చేసే పని మేం చేయలేం. మీ కర్మాగారంలోనూ ఎవరి ఇంట్లో ఎవరు జబ్బుగా ఉన్నారో తెలిసిన సహోద్యోగులే ఆపదలో షిఫ్టు నిలబెడతారు.

పద్దుల పుస్తకం

మనుషుల జీతం గురించి డబ్బు భాషలోనే జవాబు చెబుతాను.

2000 మార్చిలో అమెరికాలోని అల్బుకర్కీలో ఫిలిప్స్ చిప్పుల కర్మాగారంలో పిడుగుపాటు వల్ల చిన్న మంట లేచింది. నిమిషాల్లోనే ఆర్పేశారు. కానీ పొగ, నీళ్లు దుమ్ము చేరకూడని శుద్ధ గదుల్లోకి వెళ్లి సరుకు పాడైంది. నోకియా, ఎరిక్‌సన్ రెండూ అక్కడి నుంచే కొనేవి. నోకియాలో సరఫరాలను కనిపెట్టుకుని ఉండేవారు తేడా గమనించి వెంటనే పైవారికి చెప్పారు, రోజూ వాకబు చేశారు, వేరే చోట్ల నుంచి చిప్పులు సమకూర్చుకున్నారు. ఎరిక్‌సన్‌లో ఆ కబురు పైదాకా చేరడానికే ఆలస్యమైంది, రెండో దారి కూడా లేదు. అమ్మకాల్లో సుమారు 40 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది. 2001లో ఎరిక్‌సన్ తన ఫోన్ల వ్యాపారాన్ని సోనీతో కలిపేసింది. దానికి ఈ మంట ఒక్కటే కారణం కాదు, కానీ కారణాల్లో ఇది ఉంది. కనిపెట్టుకుని ఉండే ఒకరిద్దరు మనుషుల జీతం ఆ నష్టం పక్కన ఎంత?

అయితే ప్రతి సంస్థా గిరాకీ పడిపోయినప్పుడు మనుషులను సొంత డబ్బుతో నిలుపుకోలేదు. అక్కడ దేశం చేయాల్సింది ఉంటుంది. జర్మనీలో కుర్ట్స్‌అర్బైట్ అనే ఏర్పాటు ఉంది. పని తగ్గితే సంస్థ ఉద్యోగులను తీసేయకుండా గంటలు తగ్గిస్తుంది, నికర జీతంలో కోత పడిన మొత్తంలో 60 శాతం, పిల్లలున్నవారికి 67 శాతం, ప్రభుత్వ ఉపాధి సంస్థ ఇస్తుంది. 2009లో ఆ దేశ ఉత్పత్తి 5 శాతానికి పైగా పడిపోయినా నిరుద్యోగం పెద్దగా పెరగలేదు. 2020 ఏప్రిల్లో దాదాపు 60 లక్షల మంది దీని కింద ఉన్నారు. గిరాకీ తిరిగి రాగానే పని తెలిసిన మనుషులు యంత్రాల దగ్గర సిద్ధంగా ఉంటారు. ఎప్పటికీ కోలుకోని పరిశ్రమలను కూడా ఇలా మోస్తూ పోయే ప్రమాదం ఉందన్నది దీని మీద విమర్శ, అది సబబే. అయినా తీసేసి మళ్లీ వెతుక్కుని, మళ్లీ నేర్పించడానికి అయ్యే ఖర్చు చూసినవాడిగా నేను దీన్ని సమర్థిస్తాను.

పంపుహౌస్

స్టోర్సు మనిషి గారూ, మీరు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పి ముగిస్తాను.

అన్నీ రెండేసి వద్దు. పద్దుల పుస్తకం గారి అభ్యంతరానికి మా పనిలో మంచి జవాబే ఉంది: సామాను రకాలు తగ్గించడం. ఒకే సామర్థ్యం గల మోటార్లు ఐదు చోట్ల ఐదు రకాల ఫ్రేము సైజుల్లో (బిగింపు కొలతల్లో) ఉంటే ఐదు స్పేర్లు కావాలి. కొత్తవి కొనేటప్పుడల్లా ఒకే సైజుకు తెస్తే ఒక్క స్పేరు ఐదింటికీ సరిపోతుంది. రాగి, ఇనుము తగ్గాయి, రక్షణ పెరిగింది. అన్నీ ఒకే తయారీదారు, ఒకే బ్యాచి కాకుండా చూసుకోండి, లోపం ఉంటే అన్నీ ఒకేసారి పోతాయి. ఫ్రేము సైజులు ప్రమాణాల ప్రకారం ఉంటాయి కాబట్టి తయారీదారులు వేరైనా బిగింపు ఒకటే. కాలిన మోటారును తుక్కుకు వేయకుండా మళ్లీ చుట్టించి స్పేరుగా ఉంచడం కూడా ఇందులోకే వస్తుంది. మీ అధ్యాయంలో రాయడానికి ఇది మొక్కల కన్నా గట్టి విషయం.

అమ్మేయాల్సిన జాబితాను తిరస్కరించకండి, తిరగరాయండి. "ఏడాదిగా కదిలిందా" అన్న ఒక్క ప్రశ్నతో వాళ్లు ఏరారు. మంటలార్పే సీసా కూడా ఏడాదిగా కదలదు. మీరు నాలుగు గడులు గీయండి: ఇది లేకపోతే ఏమి ఆగుతుంది, తెప్పించడానికి ఎన్ని వారాలు, ధర ఎంత, బిగించడం ఎవరికి తెలుసు. మొదటి గడిలో "ఏమీ ఆగదు" అని వచ్చినవి, యంత్రమే లేనివి, బజారులో ఆ రోజే దొరికేవి నిరభ్యంతరంగా అమ్మేయండి. అవి చాలానే ఉంటాయి, ఆ డబ్బు చూపించండి. ధర తక్కువ, తెప్పించడానికి నెలలు, లేకపోతే మొత్తం లైను ఆగేది అన్న వరుసలు కొన్ని తేలతాయి. వాటి కోసం మాత్రం వెనక్కి తగ్గకండి. ఆ వరుసల పక్కన, లైను ఒక్క రోజు ఆగితే పోయే డబ్బు ఎంతో అకౌంట్స్ వారి చేతే రాయించండి. అంకె వాళ్లది అయితే వాదన ఉండదు.

నాలుగో గడి మనుషులది. నైట్ డ్యూటీ గారు చెప్పిన అప్పగింత మీకు అక్కడ అవసరం. పదవీ విరమణ చేసిన ఆ పెద్దాయనను, ఒప్పుకుంటే, గౌరవవేతనం మీద కొన్నాళ్లు పిలిపించండి. ఆయన చేతులు ఏ బోల్టు ముందు వదులు చేస్తాయో, షిమ్ములు (ఎత్తు సరిచేసే పల్చని రేకులు) ఎక్కడ పెడతాయో ఒకరు పక్కన నిలబడి చూడాలి, తర్వాత ఆయన చూస్తుండగా వారే చేయాలి. నోటితో చెప్పించుకుని రాసుకుంటే సరిపోదు, తనకు అలవాటైపోయిన అడుగులు ఆయనకే గుర్తురావు.

ఆ గడిలో ఒకే పేరు వచ్చిన పనులను విడిగా తీయండి. ఒక్కోదానికి రెండో మనిషిని ఈ నెల షిఫ్టు పట్టికలోనే జత చేయండి. దానికి కొత్త నియామకం అక్కర్లేదు, కొనుగోలు అనుమతి అక్కర్లేదు. ప్రణాళిక మీ చేతిలోనే ఉందన్నారు కదా. స్పేరు మోటార్లకు చీటీలు కట్టడం, షాఫ్టు తిప్పడం కూడా ఆ ఇద్దరి పేర్ల మీదే వేయండి.